అరగనివి

చిన్న కథ. రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మీకూ పనులుంటాయి.

మా బావ పార్కులో వాచ్‌మన్. బావంటే మా అక్క మొగుడు. వాచ్‌మన్ అన్నానని కాపలా కాస్తాడనుకునేరు. బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఆకాశానికి కాపలా కాస్తాడు. ముందు పన్ను సగం విరిగితే వెండి తొడుగు వేయించుకున్నాడు, అప్పటి నుంచి నవ్వు రాకపోయినా నవ్వుతాడు. మా అక్క తక్కువదేం కాదు. మొగుడి నోట్లో వెండి ఉందని వీధి మొత్తానికి చెప్పింది, ఇంట్లో ఉప్పు లేదని మాత్రం నాకే చెప్తుంది. నేను ఎప్పుడు వెళ్ళినా చేతిలో ఉప్పు పొట్లం ఉండాల్సిందే. సరే, కథలోకి వస్తాను.

ఆ పార్కు ఒకప్పుడు చెత్తకుప్ప. ముప్పై ఏళ్ళు ఊరు ఊరంతా అక్కడే పారబోసింది. తర్వాత మట్టి కప్పి, గడ్డి పరిచి, ఊయలలు కట్టారు. పుండు మీద పౌడరు అద్దినట్టు. వాన పడితే గడ్డిలోంచి బుడగలు వస్తాయి. ఆ వాసన... కుళ్ళిన గుడ్డు, మురిగిన గుడ్డ, ఎవరో మీ మొహం మీదే నోరు తెరిచి ఊపిరి వదిలినట్టు ఉంటుంది. కాలు మోపితే నేల వెచ్చగా, మెత్తగా దిగుతుంది.

జనం రావడం మానేశారు. పార్కు తీసేసి బస్సుల షెడ్డు కడతామన్నారు ఆఫీసువాళ్ళు. అక్కడ ఏదైనా జంతువో పక్షో కాపురం ఉంటోందని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడం రాసిస్తే మాత్రం ఉంచుతారట, బావని పర్మనెంట్ చేస్తారట. అది విని బావ మొదటిసారి బెంచీ దిగాడు.

పంపు గది వెనక దొరికాయి. నల్లటి ఉండలు, బొటనవేలంత. "గుడ్లగూబవి," అన్నాడు. అది ఎలుకని గుటుక్కున మింగి, అరగని ఎముకలూ బొచ్చూ ఉండ చుట్టి కక్కేస్తుందట. ఆ కక్కుల్ని మేడంకి చూపించడానికి దాచాడు. ఎక్కడనుకున్నారు? అక్క అన్నం పెట్టిచ్చే స్టీలు డబ్బాలో. అక్క దాన్ని కడిగి, మర్నాడు అందులోనే అన్నం పెట్టిచ్చింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

రోజురోజుకీ ఉండలు పెరిగాయి. నిమ్మకాయంత. తర్వాత కొబ్బరికాయంత. కక్కేదాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం మేడం వచ్చింది. అక్కా నేనూ వెళ్ళాం. తమాషా వదులుకునే వంశం కాదు మాది. మేడం బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఉండల్ని నానబెట్టి, చిన్న పట్టుకారుతో విడదీసింది. ఎలుక దవడలు. తర్వాత పిల్లి గోళ్ళు. అక్క కళ్ళజోడు సవరించుకుని బకెట్లోకి వంగింది.

"పిల్లిని మింగే గుడ్లగూబ ఉండదు," అంది మేడం. "ఇదేదో వేరే. ఇంకా ఉన్నాయా?"

"ఇవాళ్టిది తెస్తానుండండి," అని బావ పంపు గది వెనక్కి వెళ్ళాడు.

అరగంట అయింది.

"నిద్రపోయుంటాడే," అంది అక్క.

వచ్చాడు. గుమ్మడికాయంత ఉండని రెండు చేతులతో మోసుకొచ్చాడు. దాన్నుంచి జిగురు తీగలుగా సాగుతోంది. ఆవిరి లేస్తోంది. బావ ఒళ్ళంతా తడి. ఉండని బకెట్ పక్కన దించాడు.

మేడం విప్పింది. వెంట్రుకలు... పాచిలా జారుతూ. వాటిలో ఖాకీ గుడ్డ. వాచ్‌మన్ విజిల్. ఆఖరికి ఒక పన్ను... దానికి వెండి తొడుగు.

తలెత్తి బావ మొహంలోకి చూశాను.

"బావా," అన్నాను మెల్లిగా. "ఏదీ... నవ్వు."

నవ్వాడు. పళ్ళన్నీ ఉన్నాయి. అన్నీ తెల్లగా, ఒకే కొలతలో. ఒంటి మీద ఖాకీ చొక్కా కూడా ఉంది. గుండీలు మాత్రం కుట్టినట్టు లేవు. మొలిచినట్టున్నాయి.

"పన్ను బాగు చేయించుకున్నాడేమోలే," అక్క నా చెవిలో అంది.

"అరగంటలోనా?"

"నువ్వూరుకో. ఉద్యోగం పోతుంది."

మేడం కాగితం మీద రాసి, సంతకం పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయింది. కాపురం ఉంటున్న జంతువు: ఒకటి. పెద్దది. మాంసాహారి.

పార్కు ఉంది. బావ పర్మనెంట్ అయ్యాడు. ఇప్పుడు బెంచీ మీద పడుకోడు. అసలు పడుకోడు. "అన్నం నమలడే, మింగేస్తాడు. వంటకి వంకలు పెట్టడం మానేశాడు, నాకదే చాలు," అంది అక్క.

మొన్న అక్కని చూద్దామని వెళ్ళాను. పెరట్లో, బట్టలారేసే తీగ కింద ఒక ఉండ. ఇంకా వెచ్చగా ఉంది. పుల్లతో విడదీశాను. పొడుగాటి వెంట్రుకలు, సగం నెరిసినవి. అక్క కళ్ళజోడు.

వంటింట్లోంచి అక్క పిలిచింది. "అక్కడేం చేస్తున్నావే, అన్నం తిందువుగాని రా."

వెళ్ళి కూర్చున్నాను. ఆకలి లేదన్నాను. అక్క ఉప్పు అడగలేదు. తన వంతూ, నా వంతూ తింది. నమలలేదు.