మాస్టారికి పంపిన చేప

“కాలు జారితే చెరువులోకే పోతావే సుష్మా! ఫోన్ చూస్తూ నడవకే!”

ఆ ఏడాది నేను రోజూ అరిచిన మాట ఇదే. అప్పట్లో కలిదిండిలో మా ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. బ్యాంకు పరీక్షకి ఇంగ్లీషు పాఠం కోసం మా అమ్మాయి చెరువు గట్టెక్కేది. చెప్పేది తాడేపల్లిగూడెం అబ్బాయి, ఫణికిరణ్. వెనకాల గొడుగు పట్టుకుని నేను. ఇప్పుడు ఇంట్లోకే సిగ్నల్ వచ్చేసింది గానీ, వాన పడితే నా చెవిలో ఆ గట్టు మాటలే.

“బోట్ ముందు?”

“ఎ.”

“ఐస్‌బాక్స్ ముందు?”

“యాన్.”

“అవర్ ముందు?”

“ఎ. హెచ్ ఉంది కదండీ!”

“ఉంది కానీ నోరు విప్పదండీ. అందుకని యాన్.”

“మా నాన్నలాగా అన్నమాట. ఆయన ముందు కూడా యాన్ పెట్టాలా మాస్టారూ?”

ఫోన్లో అతను పగలబడి నవ్వాడు. పాఠం అయిపోయినా మా పిల్ల వానలో అలాగే నిలబడింది. జ్వరం వస్తుందనే భయపడ్డాను. ఇంకేదో వచ్చిందని తెలియలేదు.

ఉద్యోగం వచ్చింది. సుష్మ ఏలూరులో ట్రైనింగుకి వెళ్లిన వారమే మా చెరువులో చేపలు పట్టారు. పట్టుబడిలో పెద్ద చేపని పంపడమంటే మా వైపు అంతకు మించిన మర్యాద లేదు. నాలుగు కేజీల బొచ్చెని ఐస్‌లో పెట్టి, వ్యాన్లో మాస్టారింటికి పంపించాను.

సాయంత్రం సుష్మ ఫోన్.

“అమ్మా! మాస్టారి నాన్నగారు గుడిలో అర్చకులే! మాస్టారు ఈ ఆదివారం మా సంగతి ఇంట్లో చెబుతానన్నారు. ఇప్పుడెలా చెబుతారు?”

“మీ సంగతా? ఏం సంగతే?”

అటు ఏడుపే.

నాకు ఒకటే ఆలోచనలు. ఇల్లు కడుక్కుని ఉంటారు, శాపనార్థాలు పెట్టి ఉంటారు, నా చేత్తో నేనే పిల్ల బతుకు పాడుచేశాను. మూడో రోజు గట్టెక్కి మాస్టారి అమ్మగారికి ఫోన్ చేశాను.

“వసుంధర గారాండీ? చేప పంపింది నేనేనండీ. తెలియక చేశాను. ఆ కోపం మా పిల్ల మీద పెట్టుకోకండి. మీ అబ్బాయంటే దానికి ప్రాణమండీ.”

వాళ్లింట్లో గడియారం వినిపిస్తోంది. లైను తెగిందేమోనని రెండుసార్లు చూశాను. తెగలేదు.

“మీ అమ్మాయి మా ఇంటికొస్తే నీచు వండుకోవడం కుదరదండీ,” అన్నారావిడ, చివరికి. “తినాలనిపించినప్పుడల్లా మీ దగ్గరికి పంపిస్తాను. మావాడూ వెంట వస్తాడు. వాడికి మాత్రం వేరే గిన్నెలో పప్పు వండండి.”