పదిహేడో నంబరు ఆకు

డ్రాయింగు మాస్టారిని చంపింది ముసలమ్మ కాదు, మీరు. కంపెనీ వాళ్ళారా, కొండకు టికెట్టు పెట్టింది మీరు, మెట్లు కట్టింది మీరు, రంగురంగుల పుస్తకం అచ్చేసి చేతిలో పెట్టింది మీరు. దాన్ని నమ్మి ఆకు నమిలిన మనిషి నురగలు కక్కి పడిపోతే, అక్షరం రాని ఆడమనిషిని ముందుకు తోసి చేతులు దులుపుకున్నదీ మీరే. ఆ తోసిన చెయ్యి మీలో ఎవరిదో తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల సంగతి ఇది.

శనివారం పొద్దున్నే ఆ ముసలమ్మ కూతురు వచ్చింది. గడియారాల రిపేరు షాపు పైన ఒకటే గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ నిండా ఆగిపోయిన గడియారాలు. బల్ల వెనక కూర్చున్నావిడ ఇరవై ఏళ్ళు ఆ గడియారాలే బాగు చేసింది. కంటికి అద్దం బిగించి వెంట్రుకంత స్ప్రింగు వెతికిన మనిషి, ఇప్పుడు జనం దాచిన సంగతులు వెతుకుతోంది. ఊరికంతా ఆవిడ భూతద్దం అక్క. ఆవిడ దగ్గర పనిచేసేవాడు మాజీ బస్సు కండక్టరు. కనబడిన బోర్డల్లా పైకి చదవడం అతనికింకా పోలేదు. అక్క నోరు తెరవకముందే ఆశ్చర్యపోవడం కూడా అలవాటే.

"మా అమ్మను సోమవారం కోర్టులో పెడతారంట అక్కా," అంది కూతురు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అరవై నాలుగేళ్ళు. స్టేషన్లో కటిక నేల మీద పడుకుంటోంది. జైలుకు పంపితే మళ్ళీ శవంగానే వస్తుంది."

"నీళ్ళు తాగు. నువ్వేం చేస్తావు?"

"బట్టలు కుడతాను."

"మీ అమ్మ?"

"ఆకులవ్వ అంటారు. ఆ కొండ మీద ఆమెకు తెలియని మొక్క లేదు. కంపెనీ వాళ్ళు వచ్చి, దారి పొడుగునా మొక్కలు గుర్తుపట్టి చెప్పమన్నారు. ఇరవై నాలుగు మొక్కలకు నంబరు రేకులు కట్టింది. అమ్మ చెప్పింది వాళ్ళు పుస్తకంలో వేశారు. పదిహేడు అంటే దప్పికాకు. 'నమిలితే మొదట చేదు, తర్వాత గొంతు చల్లబడుతుంది' అని రాసుంది. సోమవారం దారి తెరిచారు. మంగళవారం మాస్టారు పదిహేడో రేకు చూసి ఆకు నమిలారు. గంటలో పోయారు. ఆ రేకు దప్పికాకుకు లేదక్కా. పాముపాల అనే విషపు మొక్కకుంది. మా అమ్మే పొరపాటున కట్టిందంటున్నారు."

"రెండూ ఒకేలా ఉంటాయా?"

"దూరం నుంచి. దగ్గరికెళ్తే చిన్నప్పుడు నాకే తెలిసేది. దప్పికాకుకు ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు. పాముపాలకు ఎదురెదురుగా జంటలు. తుంపితే తెల్లటి పాలు. చేతికి తగిలితే వారం పది రోజులు బొబ్బలే."

"మీ అమ్మ రేకు ఎలా కడుతుందో చూపించు."

కూతురు సంచిలోంచి దారం తీసి చూపుడు వేలికి చుట్టింది. "సన్న రాగి తీగతో ఇలా, ఇంకో వేలు దూరేంత వదులుగా. మొక్క లావెక్కుతుంది కదా, దాని గొంతు పిసకకూడదంటుంది. రెండే మెలికలు. కొసలు లోపలికి."

"చెడ్డ మొక్కలకు గుర్తేమైనా పెడుతుందా?"

"ఎర్ర గుడ్డ. నా మిషను కింద పడే లైనింగు పీలికలు పట్టుకెళ్ళి కట్టేది. కంపెనీ అడగలేదు. తన మనసాగక కట్టింది."

కండక్టరు తొడ చరిచాడు. "ఇంకేం అక్కా! కేసు అయిపోయింది!"

"కూతురు మాట కోర్టు వినదు, కండక్టరూ. కేసు ఇంకా బస్టాండులోనే ఉంది. బూట్లు వేసుకో."

కొండ కింద టికెట్టు గది. ముందు జనం వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పుస్తకం. మనిషి చనిపోయి నాలుగు రోజులే అయింది. మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. కుడిచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ కట్టు ఉంది.

"వేడి టీ పడిందండి," అన్నాడు, అక్క చూపు పసిగట్టి. "చేసింది ఎవరో తేలిపోయింది కాబట్టి దారి తెరిచే ఉంచాం."

"ఆ మొక్కను చూడాలి."

"అదే రోజు నరికించి తగలబెట్టించాను. జనం క్షేమం ముఖ్యం కదండి."

"రేకు?"

"దాంతోపాటే మంటలో పోయింది."

"ఆకులవ్వ కట్టిన ఎర్ర గుడ్డలు?"

"గుడ్డలా? అలాంటివేం లేవండి. నేనెప్పుడూ చూడలేదు."

అక్క కొండెక్కింది. ప్రతి రేకు దగ్గరా ఆగి వేలు దూర్చి చూసింది. ఇరవై మూడు రేకులూ సన్న రాగి తీగతో, వదులుగానే ఉన్నాయి. ఎర్ర పీలిక మాత్రం దారి మొత్తం మీద ఒక్కటీ లేదు. పదహారుకూ పద్దెనిమిదికీ మధ్య కాలిన మోడు కనిపించింది. దానికి పది అడుగుల దిగువన కొత్త సిమెంటు మెట్లు. మెట్ల పక్కన కూలీల షెడ్డు. కండక్టరు కుండలోంచి నీళ్ళు ముంచుకుని, తలుపుకు అంటించిన కాగితం బస్సులో స్టాపులు పిలిచినట్టు పైకి చదివాడు:

"పని వేళల్లో పొగ తాగరాదు! సిమెంటు సంచులు తడవరాదు! ఎర్ర గుడ్డ కట్టిన మొక్కల కట్టెలు పొయ్యిలో పెట్టరాదు! ఇట్లు, మేనేజరు!"

అక్క ఆ కాగితం వైపు తిరిగి చూసింది. మేస్త్రిని పిలిచింది.

"ఈ మెట్ల కింద ఏముంది?"

మేస్త్రి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఒక మొక్క ఉండేదమ్మా, రేకు కట్టినది. మెట్లకు అడ్డమొచ్చిందని పీకించారు. రేకు తీసి మేనేజరు గారికిచ్చాను. చువ్వలు బిగించే ఇనప కట్టుతీగ బారెడు అడిగితే అదీ ఇచ్చాను."

"ఆ రేకు మళ్ళీ కట్టిందెవరు?"

"నేను కాదమ్మా. నాకు పిల్లలున్నారు."

కండక్టరు అక్క చెవిలో గొణిగాడు. "తీగ వీడిది. భయమూ వీడిదే. వీడే అక్కా."

"మేస్త్రీ, ఆ రెండు ఇనప చువ్వలూ తీగతో కలిపి కట్టు, చూద్దాం."

మేస్త్రి కొక్కెం తగిలించి మూడు తిప్పులు తిప్పి వదిలేశాడు. రెప్పపాటు పని.

"ఇంకో నాలుగు తిప్పకూడదా? గట్టిగా ఉంటుంది."

"తెగుతుందమ్మా. రోజుకు వెయ్యి ముడులు వేస్తాం. ఉత్తినే తిప్పుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి చెయ్యి ఉండదు."

అక్క అతని అరచేతులు పట్టుకుని తిరగేసి చూసింది. సిమెంటు తిన్న పగుళ్ళున్నాయి. బొబ్బలు లేవు.

అక్కడి నుంచి మాస్టారి ఇంటికి. ముందుగదిలో కిటికీ పక్కన ఏటవాలు బల్ల, పొట్టిదాకా చెక్కిన పెన్సిళ్ళు, గోడ మీద ఆకులు, గోళ్ళు, తాళంచెవులు, చెప్పులు, అన్నీ పెన్సిలు బొమ్మలే. మాస్టారి భార్య బొమ్మల పుస్తకం గుండెకు అదుముకుని కూర్చుంది.

"పోలీసులు చూసి తిరిగిచ్చేశారు. బొమ్మలే కదా అన్నారు."

ఆ రోజు కొండ మీద మాస్టారు ఒక్కొక్క మొక్క దగ్గరా కూర్చుని గీశాడు. పదిహేడు పేజీలు. చివరి పేజీలో జంట ఆకులు, కాండం, దానికి బిగించిన రేకు. అంతా నల్ల పెన్సిలు. రేకు కింద మాత్రం ఒక్కచోట ఎర్రగా, గోరంత గీత.

"రంగు పెన్సిలు జారినట్టుంది," అన్నాడు కండక్టరు.

ఆమె ఒక్కసారిగా లేచింది. "ఆయన చెయ్యి జారదు! ఉన్నది వదలరు, లేనిది గియ్యరు. పెళ్ళైన కొత్తలో నా బొమ్మ గీసి ముక్కు మీద మొటిమ కూడా పెట్టారు. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఉంది కదా, ఎలా తీసెయ్యను అన్నారు." నవ్వు రాబోయి మధ్యలోనే ముఖం ముడుచుకుపోయింది. "నాలుగు రోజుల నుంచి ఆ మొటిమ బొమ్మే చూసుకుంటున్నాను."

అక్క కంటికి అద్దం బిగించింది. ఆ పేజీ మీద చాలాసేపు వంగి ఉండిపోయింది. పెదవులు కదిలాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు.

"ఈ పుస్తకం ఒక్కరోజు ఇవ్వమ్మా."

"తిరిగివ్వాలి."

"నా చేత్తో నేనే తెచ్చిస్తాను."

ఆదివారం పదకొండు గంటలకు టికెట్టు గదిలో అందరూ కూడారు. మేనేజరు, మేస్త్రి, మాస్టారి భార్య. ఇన్‌స్పెక్టరు ఆకులవ్వను వెంటబెట్టుకొచ్చాడు. కూతురు పరుగెత్తి తల్లిని పట్టుకుంది. ముసలామె కూతుర్ని కాదు, కిటికీలోంచి కొండను చూసింది. బయట టికెట్లు తెగుతూనే ఉన్నాయి.

"త్వరగా కానియ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చనిపోయిన మనిషి సాక్ష్యం చెబుతాడు, వినండి." అక్క పుస్తకం విప్పి బల్ల మీద పెట్టింది. "మొక్కను కాల్చేశారు, రేకు పోయిందన్నారు. కానీ నమలడానికి ముందు మాస్టారు దాన్ని గీశాడు. తీగ కాండంలోకి దిగేంత బిగుతుగా ఉంది. ఆకులవ్వ కట్టిన మిగతా ఇరవై మూడింటిలో నా వేలు దూరింది. ఈ కట్టు ఆమెది కాదు."

"ముసలిది, ఒకసారి బిగించి ఉంటుంది," అన్నాడు మేనేజరు.

"బొమ్మలో తీగ లావు చూడండి. సన్న రాగి తీగతో కట్టే మనిషి ఇనప కట్టుతీగ ఎందుకు వాడుతుంది? అది మేస్త్రి తీగ."

మేస్త్రి ముఖం పాలిపోయింది. నేను అన్నట్టేగా అని కండక్టరు ఛాతీ విరిచాడు.

"మెలికలు లెక్కపెట్టండి, ఇన్‌స్పెక్టరు గారూ. తొమ్మిది. మేస్త్రి చెయ్యి మూడు దగ్గర ఆగిపోతుంది. చేతిపని తెలిసినవాడు ఒక్క తిప్పు వృథా చెయ్యడు. తొమ్మిది తిప్పింది, ఆ పని ఎప్పుడూ చెయ్యనివాడు."

కండక్టరు ఛాతీ మెల్లగా తగ్గింది.

"ఇప్పుడు ఈ ఎరుపు. దారప్పోగు. పోగు కింద ఉంది, తీగ పైన ఉంది. అక్కడ ముందే ఎర్ర గుడ్డ ఉంది. ఎవరో దాన్ని లాగేశారు, తెగిన పోగు మీదే రేకు బిగించారు. గుడ్డను చూడకుండా ఆ రేకు కట్టడం కుదరదు."

కూతురు సంచిలోంచి ఒక లైనింగు పీలిక తీసి బొమ్మ పక్కన పెట్టింది. అదే ఎరుపు.

"ఎవరో మొక్కుకుని కట్టిన గుడ్డ అనుకుని ఉంటారు," అన్నాడు మేనేజరు. "దాని అర్థం ఎవరికి తెలుసు?"

"కండక్టరూ, షెడ్డు తలుపు మీది కాగితం తెచ్చావుగా, మూడోది చదువు."

"ఎర్ర గుడ్డ కట్టిన మొక్కల కట్టెలు పొయ్యిలో పెట్టరాదు. ఇట్లు, మేనేజరు!" ఈసారి అతని గొంతులో స్టాపుల పిలుపు లేదు.

"గుడ్డలే చూడలేదన్నారు, వాటి మీద నోటీసు రాశారు," అంది అక్క. "ఆ పొగకు కూలీలు పడిపోతే మెట్ల పని ఆగుతుంది, అందుకని వాళ్ళకు చెప్పారు. టికెట్టు కొన్నవాళ్ళకు చెబితే మీ కొండ అందం చెడుతుంది, అందుకని వాళ్ళకు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారూ, ఆయన వేళ్ళ కట్టు విప్పించండి."

"వేడి టీ పడిందన్నాను కదండి," అంటూ మేనేజరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇన్‌స్పెక్టరు పట్టుకుని విప్పాడు. వేళ్ళ కొసల్లో నీరు పట్టిన బొబ్బలు, మధ్యలో తీగ పట్టిన చోట సన్నటి గీత.

"టీ పడితే ఇలా గీత పెట్టుకుని కాలదు," అంది ఆకులవ్వ. అంతసేపట్లో ఆమె అన్న మొదటి మాట. "పాముపాల అది. నీకు చెప్పాను కదయ్యా. మేస్త్రి ముందే చెప్పాను. ఎర్ర గుడ్డ ఉన్నది నోట పెట్టొద్దని."

"చెప్పింది," అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ. "ప్రారంభానికి ముందురోజు ఫొటోల్లో అసహ్యంగా ఉంటాయని గుడ్డలన్నీ ఆయనే తిరిగి పీకారు. పని పోతుందని నోరు మూసుకున్నాను. తప్పు నాదీ ఉంది."

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "పుస్తకాలు అచ్చయిపోయాయి. తెల్లారితే పెద్దవాళ్ళు వస్తున్నారు. ఒక్క నంబరు లేదంటే పరువు పోతుంది. ఆకు అలాగే ఉంది కదా అని... గుడ్డ సంగతి గుర్తుంది. కానీ నిజంగా ఎవరూ తినరనుకున్నాను."

"నమలమని రాశారు," అంది మాస్టారి భార్య. అరవలేదు. "మొదట చేదు, తర్వాత గొంతు చల్లబడుతుందని రాశారు. ఆయన చేదు మింగి, చల్లబడుతుందేమోనని చూశారు."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని టోపీ పెట్టుకున్నాడు. "సరే. స్టేట్‌మెంట్లు తీసుకుంటాను. అవ్వ కాగితాలు రేపు కోర్టులో..."

"నా కాగితాలు తర్వాత చూద్దురు గానీ," ఆకులవ్వ అడ్డొచ్చింది. "ఇప్పుడు కొండ మీద ఎంతమంది ఉన్నారు?"

గదిలో ఎవరికీ తెలియదు. కండక్టరు కిటికీ దగ్గరికెళ్ళి టికెట్టు కట్ట లాక్కుని బొటనవేలితో అడుగుకాయితాలు సర్రున తిరగేశాడు. ముఖం మారిపోయింది.

"నలభై ఒక్కరు అక్కా. దిగేటప్పుడు తిరిగిచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఒక్కరు కూడా దిగలేదు."

"నేను పదకొండు మొక్కలకు గుడ్డలు కట్టాను," అంది ఆకులవ్వ. "ఒకటి నరికారు. పది అలాగే ఉన్నాయి, ఒంటి మీద గుర్తు లేకుండా. అందులో రెండు దారి మీదికి వంగి ఉంటాయి. మనం ఇక్కడ నీ తప్పా నా తప్పా అని తేల్చుకుంటున్నాం. పైన ఎవడో దాహమేసి పుస్తకం తెరుస్తుంటాడు."

కూతురి చేతిలోని పీలికల సంచి అందుకుని చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"గేటు మూయండి. ఈల ఉన్నవాడు ఊదండి. మేస్త్రీ, నీ మనుషుల్ని తీసుకుని పై మలుపు దాకా పరుగెత్తు, కనబడిన ప్రతివాడి చేతిలోంచీ ఆ పుస్తకం లాక్కో, నోట్లో ఏముందో ఉమ్మించు. నన్ను రేపు వదులుతారో ఎల్లుండి వదులుతారో మీ ఇష్టం. వాళ్ళని ఇప్పుడు దింపాలి. నిలబడి చూస్తారేం? కదలండి!"