సాయమ్మ కాదు, సాయవ్వ

"టైమ్ లేదు, ఏజెంట్ రాజశేఖర్." చీఫ్ ఫైలు తెరిచాడు. "సాయవ్వ. వేల్పూర్‌లో పసుపు రైతు. గర్భసంచి కేన్సర్. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను మైనపు దిమ్మెలో దాస్తారు. దాన్ని పరీక్షిస్తే గడ్డ ఏ రకమో చెప్పే మార్కర్ దొరుకుతుంది. 'పోల్' అయితే ఆపరేషన్‌తోనే గట్టెక్కొచ్చు. 'పీ-53' చెడితే వెంటనే కీమో."

"ఆమె రిపోర్టు?"

"పోల్. కానీ నమ్మలేం. ఒక విదేశీ ముఠా కంఠేశ్వర్‌లోని ఓ ల్యాబ్‌లో దిమ్మెలు తారుమారు చేస్తోంది. మంచి రకాన్ని చెడ్డదని చూపి, తమ మందే నయం చేసిందని చాటుకోవడానికి. ఆ మార్పిడిలో చెడ్డ రకం వాళ్లకు మంచి రిపోర్టు పోతోంది. సాయవ్వ అసలు దిమ్మె ఈ రోజే బోధన్ మీదుగా సరిహద్దు దాటుతోంది. దాటితే నిజం తెలిసే దారి లేదు. పోల్ అని నమ్మి డాక్టర్ వైద్యం ఆపేస్తాడు."

మిట్టమధ్యాహ్నం బోధన్ బస్టాండ్ ఎదుట రాజశేఖర్ చెరుకురసం తీస్తున్నాడు. అంటించిన మీసం చెమటకు జారుతోంది. నల్ల కళ్లద్దాల అందగత్తె ఒకామె గ్లాసు అందుకుంది.

"చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగిందా అన్నా?"

"మోగక ఏండ్లాయె అక్కా."

కోడ్ కలిసింది. ఆమె ఖుష్బూ. ముఠా ఉప్పు తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"టీ కొట్టు కాడ ముఠా మనిషి మార్కో ఉన్నడు. చేతిల ఐస్ డబ్బా. జల్ది పో."

రాజశేఖర్ మార్కోకు పిస్టల్ చూపించి డబ్బా తెరిచాడు. రెండు దిమ్మెలు. పెన్ స్కానర్ పెట్టాడు. రెండింటికీ ఒకటే బార్‌కోడ్! అంత గొప్ప స్కానర్ తుస్సుమంది. మార్కో నవ్వాడు.

రాజశేఖర్ దిమ్మెల మీది చీటీలు చదివాడు. ఒకదాని మీద సాయమ్మ, ఇంకోదాని మీద సాయవ్వ.

"మా దిక్కు సాయమ్మ ఏడికెళ్లి వచ్చెరా? మా ఊర్లల్ల సాయవ్వలే ఉంటరు. దొంగ చీటీ రాసినోనికి గది తెల్వదు. గిదే అసలుది!"

మార్కో నవ్వు ఆగిపోయింది. అసలు దిమ్మెను లాక్కుని, మరుగుతున్న టీ గిన్నెలోకి విసిరాడు. వెనకే వచ్చిన ఖుష్బూ చున్నీ చాచింది. గిన్నెకు జానెడు ఎత్తులో దిమ్మె చున్నీలో పడింది.

ముఠా దొరికింది. చీఫ్ భుజం తట్టాడు. కానీ అసలు దిమ్మెను పరీక్షించాక కొత్త రిపోర్టు వచ్చింది. పీ-53. జబ్బు అప్పటికే పాకింది. కీమో ఇచ్చినా పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ అన్నాడు.

వేల్పూర్‌లో సాయవ్వ కల్లంలో పసుపు ఆరబోస్తోంది. రోగం పోయిందని వాడకట్టంతా చక్కెర పంచిందట.

"అవ్వా, మొదటి రిపోర్టు దొంగలు మార్చిండ్రు," అన్నాడు. మిగతాది చెప్పలేక చెప్పాడు.

సాయవ్వ చేతులకంటిన పసుపును కొంగుకు తుడుచుకుంది.

"దవాఖానకు ఎప్పుడు రమ్మంటే గప్పుడొస్త బిడ్డా. గని నీకన్న ఆ దొంగలే నయం. జర మంచి మాటన్న జెప్పిండ్రు."