బరువు మోయని స్తంభం

తుంగభద్ర ఒడ్డు బంగళాలోకి వెళ్లిన ఇద్దరు ఏజెంట్లూ శవాలై ఏట్లో తేలారు.

"మూడోవాడివి నువ్వు," అన్నాడు చీఫ్. "సాయంత్రం మంత్రిగారు ఆ వాల్టర్ దొర బంగళాకి టీకి వెళ్తున్నారు. గనుల లీజు రద్దు చేశారన్న కసితో వాల్టర్ ముఠా ఆయన్ని చంపబోతోంది. ఎలాగో తెలీదు. వద్దంటే ఆయన వినడం లేదు."

"లోపల మనవాళ్లు?"

"హులిగెమ్మ. ఆదోని నాటకాల నటి. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది."

"నేను తిరిగొస్తానంటారా?"

చీఫ్ అతని చేతిలో ఒక పెన్ను పెట్టాడు.

ఏసురాజు మద్రాసు ఆర్కిటెక్టు వేషంలో వెళ్లాడు. జేబులో ఒకే ఒక్క తూటా పేల్చే పెన్ను. పోలీసుల్లో చేరకముందు అతను చదివింది ఇళ్లు కట్టే చదువే. అందుకే ఏటివైపు వరండాలో ఒక్క క్షణం పని మరచిపోయాడు. నున్నటి కడప రాళ్ల నేల. వరసగా టేకు స్తంభాలు. ఎండ లోపలికి రాదు, ఏటిగాలి మాత్రం ఇల్లంతా తిరుగుతుంది.

"మద్రాసు కంటే ఇక్కడ గాలి చల్లన," అన్నాడు. అది కోడ్.

"నీళ్లే లోతు," అంది పట్టుచీరలో వచ్చిన హులిగెమ్మ. గొంతు తగ్గించింది. "బాంబు పెట్టినారప్పా. యాడ పెట్టినారో నాకు చెప్పల్యా. నన్ను గూడా నమ్మడం మానేసినారు. మనమిద్దరం ఈన్నించి పోయేది లేదు."

వాల్టర్ వచ్చాడు. దొర అయినా తెలుగు బాగానే నేర్చాడు. "ఇల్లు ఎలా ఉంది?"

"ఇలాంటిది నేను కట్టలేను," అన్నాడు ఏసురాజు. ఆ మాట నిజం.

గేటు దగ్గర కారు హారన్ మోగింది. వాల్టర్ వాచీ చూసుకుని గబగబా మెట్లు దిగాడు.

టీకి బల్ల వేసింది ఇక్కడే, వాల్టర్ మాత్రం ఉండడం లేదు. బాంబు ఈ వరండాలోనే ఉంది! ఏసురాజు పైకి చూశాడు. తక్కిన స్తంభాలన్నిటి మీదా దూలం బరువుగా కూర్చుంది. నడిమి స్తంభానికీ దూలానికీ మధ్య సన్నగా వెలుతురు కనిపించింది. ఆ స్తంభం దేన్నీ మోయడం లేదు.

లాగాడు. చెక్క ఊడి వచ్చింది. లోపల పెట్టె, గడియారం చప్పుడు.

వాల్టర్ వెనక్కి తిరిగి పిస్టల్ ఎత్తాడు. హులిగెమ్మ అడ్డం వచ్చింది. తూటా ఆమెకు తగిలింది. పెన్ను పేలింది. వాల్టర్ మెట్ల మీద కూలాడు. ఏసురాజు పెట్టెను ఏట్లోకి విసిరాడు. నీళ్లు తాటిచెట్టంత లేచాయి.

"నేనెవురి మనిషినో నాకే తెలకుండా పోయిండె," అంది హులిగెమ్మ, అతని చెయ్యి పట్టుకుని. "మీ మనిషినేనని చెప్పప్పా."

"మా మనిషివే," అన్నాడు ఏసురాజు. ఆమె వినలేదు. అప్పటికే పోయింది.

అతను చేతులు తుడుచుకుని ముందు గుమ్మంలోకి వెళ్లాడు. మంత్రిగారు కారు దిగుతున్నారు.

"ఏమప్పా ఆ సద్దు? ఏట్లో చేపలకు డైనమైట్ తూటాలేస్తాండారా?"

"అవును సార్."

మంత్రిగారు ఇంటిని కింది నుంచి పైదాకా చూశారు. "శానా బాగుండాది. మద్రాసు నించి రాజధాని ఈడికొచ్చినప్పట్నించి ఇండ్లు దొరక్క సస్తాండాం. ఇది బాడిగకిస్తారేమో అడుగు."

"ఇస్తారు సార్," అన్నాడు ఏసురాజు. "ఇప్పుడే ఖాళీ అయింది."