పారబోయాల్సిన గుక్కెడు

ఆ హోటల్ బార్‌లో కౌంటర్ వెనక ఎడమ మూల మంచిది కాదంటారు. వానపడ్డ రాత్రి అక్కడ నిలబడితే గుప్పున సోంపు వాసన కొడుతుందట. వెనకెవరో నోరూరి గుటక వేసినట్టు వినిపిస్తుందట. ఆ కౌంటర్‌లోనే ముసలైపోయి, అక్కడే కన్నుమూసిన పాత బార్‌టెండర్ ఇంకా డ్యూటీ దిగలేదని పనివాళ్ళ నమ్మకం.

అలాంటి చోట గ్లాసులు కడిగే ఉద్యోగంలో చేరింది ఎవరనుకున్నారు? మా బావమరిది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కి నిలబడే ధీరుడు. వాడు చెప్పిందే చెప్తున్నాను, నా సొంతం ఏమీ కలపలేదు... కొంచెం తప్ప.

వాడికి ఇంకో గుణం ఉంది. చుక్క వృథా పోనివ్వడు. ఖాళీ షాంపూ సీసాలో నీళ్ళు పోసి ఇంకో వారం లాగిస్తాడు. మా పిల్లలు వాణ్ణి పొదుపు మామయ్య అంటారు.

ఒకరోజు హోటల్ యజమానురాలు పెద్దమ్మగారు వాణ్ణి పిలిచింది. పాతాయన పోయాక ఆవిడకి ఇష్టమైన సాజరాక్ అనే కాక్‌టెయిల్ సరిగ్గా కలిపిచ్చినవాడు లేడు.

"ఈ వారంలో నాకు నచ్చేలా చేస్తే కౌంటర్ నీది. లేదంటే మళ్ళీ గ్లాసులు కడుక్కోవడమే."

మావాడు పుస్తకాలన్నీ తిరగేసి, దాని పుట్టుపూర్వోత్తరాలు నాకూ అప్పజెప్పాడు. వెనకటికో మందుల షాపాయన కడుపుకి మంచిదని చేదు చుక్కలు తయారుచేశాడట. జనం వాటిని బ్రాందీలో కలుపుకుని తాగారు — ఆరోగ్యం కోసమే, ఇంకోలా అనుకోకండి. తర్వాత ద్రాక్షతోటలకి పురుగు పట్టి బ్రాందీ కరువైతే, దాని చోట్లో విస్కీ వచ్చి కూర్చుంది. అయితే అన్నిటికంటే ముందు ఖాళీ గ్లాసులో కాస్త సోంపు మద్యం పోసి, గుండ్రంగా తిప్పి, పారబొయ్యాలి.

ఆ మాట దగ్గరే మావాడి ప్రాణం కొట్టుకుంది. అంత ఖరీదైన సరుకు ఎవరైనా పారబోస్తారా? గ్లాసులోనే ఉంచేశాడు. పెద్దమ్మగారు ఓ గుక్క తాగి మొహం చిట్లించింది. మర్నాడు సగమే పోశాడు. మళ్ళీ అదే మొహం. "వారం అయిపోవచ్చింది. ఇక రేపొక్కరోజే," అంది.

ఆ రాత్రి బార్ మూసేశాక, సీసాలుండే ఆ ఎడమ మూలలో ఒక్కడే నిలబడి కలుపుతున్నాడు. బయట వాన. గ్లాసులో సోంపు మద్యం తిప్పాడు. పారబొయ్యడానికి మనసొప్పక, అలాగే కింద పెట్టబోయాడు...

గుప్పుమంది వాసన. చేతిలోదే అనుకున్నాడు. కాదు — వెనక నుంచి. చెవి పక్కనే ఎవరిదో ఊపిరి...

"పారబొయ్యి..."

మావాడి చెయ్యి దానంతటదే ఎగిరింది. గ్లాసులోది భుజం మీంచి వెనక్కి పోయింది. తిరిగి చూసే ధైర్యం వాళ్ళ వంశంలోనే లేదు — మా ఆవిడకి చెప్పకండి. భయం తగ్గడానికని, కలిపి పెట్టుకున్న విస్కీ ఆ తడి గ్లాసులోనే పోసుకుని గుక్కెడు తాగాడు.

తాగి ఆగిపోయాడు. సోంపు నాలుక్కి తగల్లేదు. కానీ గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ముందు దాని వాసనే వచ్చి పలకరిస్తోంది. భయం మర్చిపోయి, ఒక్కడే నవ్వుకున్నాడట.

మర్నాడు పెద్దమ్మగారు ఒక గుక్క తాగి కళ్ళు తుడుచుకుంది.

"ఇదే. పాతాయన కూడా ఇలాగే చేసేవాడు. పారబోసేది భుజం మీంచి వెనక్కి విసిరేవాడు."

రాత్రి సంగతి చెప్తే నవ్వింది. "పిచ్చోడా, ఆ మూల చెక్కగోడ ఎన్నేళ్ళు సోంపు తాగిందో! చెమ్మ తగిలితే వాసన వదులుతుంది. నీకు వినపడిన మాటంటావా, పుస్తకంలో చదివిందే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

అలా కౌంటర్ మావాడిదయ్యింది.

మొన్న ఇంటికొస్తే ఏడిపించాను. "ఏరా, రోజూ అంత సరుకు పారబోస్తున్నావు, ప్రాణం ఎలా ఒప్పుతోంది?"

వాడు ఓసారి వెనక్కి చూసి గొంతు తగ్గించాడు.

"మొదట్లో బాధగానే ఉండేది బావా. తర్వాత విసిరిన ప్రతిసారీ గోడ తడిమి చూశాను, నేల తడిమి చూశాను... ఎప్పుడూ పొడిగానే ఉంటున్నాయి."

"అయితే?"

"వృథా పోవట్లేదుగా."