తెర వెనక బెంచీ

పార్కులో సినిమా వేసే రోజున మీరు ఎక్కడైనా కూర్చోండి, కాదనేవాళ్ళు లేరు. గడ్డి మీద కూర్చోండి, గోడెక్కి కూర్చోండి. తెర వెనకున్న సిమెంటు బెంచీ జోలికి మాత్రం పోకండి... అక్కడ ముందే ఒకావిడ కూర్చుని ఉంటుంది.

ఆ చుట్టుపక్కల వీధుల్లో చెప్పుకునే మాటే ఇది. మొదట చూసింది పాప్‌కార్న్ బండివాడు. తర్వాత బంతి కోసం అటు వెళ్ళిన పిల్లలు చూసి, బంతి వదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఆకుపచ్చ శాలువా, వంచిన తల... ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ శాలువా ఎవరిదో అందరికీ తెలుసు. సినిమా వేసే ఆపరేటరు భార్యది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

ఇక చెప్పాలా? పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని ఒకరు, బెంచీకి జానెడెత్తున తేలుతోందని ఇంకొకరు. చిలవలు పలవలు అల్లడానికి టిక్కెట్టు అక్కర్లేదు కదా!

ఆపరేటరు చెవిన పడకుండా ఎలా ఉంటాయి? "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ముందు నీ బండి పక్కకి లాగు" అని నవ్వేసేవాడు. ఇంటికెళ్ళి పడుకుంటే మాత్రం నిద్ర పట్టేది కాదు. ఎందుకంటే... ఆ బెంచీ నిజంగానే ఆవిడది.

పెళ్ళైన కొత్తలో నుంచీ ఆవిడ అక్కడే కూర్చునేది. వెనక నుంచి చూస్తే బొమ్మంతా తిరగబడి ఉంటుంది. పేర్లు చదవడానికి రావు, పోలీసులు ఎడంచేత్తో సెల్యూట్ కొడతారు. "ముందుకొచ్చి కూర్చోవే, పిచ్చిదానా" అంటే వినేది కాదు.

"ముందు కూర్చుంటే నీకు వీపు పెట్టాలి. ఇక్కణ్ణుంచైతే తెర పక్కగా నీ మొహం కనిపిస్తుంది. సినిమాదేముంది, టీవీలో ఎప్పుడైనా వస్తుంది" అనేది.

ఆవిడకి అతను కనిపించేవాడు. తెర వెలుగు కళ్ళలో కొడుతుంటే అతనికి ఆ చీకట్లో ఏమీ కనిపించేది కాదు. ఉందని తెలుసు, అంతే.

అలాంటి మనిషి జ్వరమని ఆసుపత్రిలో చేరి, తిరిగి రాలేదు.

ఇంత పుకారు పుట్టినా అతను ఒక్కసారి కూడా తెర వెనక్కి వెళ్ళి చూడలేదు. భయంతో కాదు. వెళ్ళాక అక్కడ ఎవరూ లేకపోతే? చూడనంతవరకూ ఆవిడ ఉన్నట్టే కదా! నిజం చెప్పొద్దూ, ఊరంతా భయపడే దెయ్యం మీద అతను కొండంత ఆశ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం గుంజలకు తెర కడుతుంటే పాప్‌కార్న్ బండివాడు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా... ఇలా తెర కట్టడం ఇదే ఆఖరట. వచ్చే వారం నుంచి పార్కు ఆఫీసు గోడకి తెల్లరంగు వేసి దాని మీదే బొమ్మ వేస్తారట. జనం జడుసుకుంటున్నారని కమిటీవాళ్ళ గోల. ఆ బెంచీ కూడా పీకేస్తారట."

ఆపరేటరు చేతిలో తాడు జారింది. "మంచిదే" అన్నాడు. తాడు మళ్ళీ అందుకున్నాడు.

సినిమా మొదలైంది. పాత హాస్య చిత్రం. జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. సగం అయ్యేదాకా అతను స్టూలు మీద ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఈ రోజు కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

"మిషను కాస్త చూస్తుండు" అని బండివాడికి చెప్పి లేచాడు.

ఒక్కో అడుగూ మణుగు బరువు. కాళ్ళ కింద ఎండుటాకుల చప్పుడు... పక్కన తెర గాలికి ఉబ్బి మళ్ళీ తగ్గుతోంది. అంచు దాటాడు.

ఉంది.

ఆకుపచ్చ శాలువా... వంచిన తల...

పేరు పెట్టి పిలవబోయి ఆగాడు. "వచ్చావా..." అని మాత్రం గొణిగాడు.

తల మెల్లగా పైకి లేచింది. తెర మీద బొమ్మ మారి తెల్లటి వెలుగు ఆ మొహం మీద పడింది. ముడతలు పడ్డ మొహం.

"నువ్వా, బాబూ?"

అత్తగారు! ఊరికి ఆ చివర కొడుకు దగ్గరుండే ముసలావిడ. కూతురు పోయాక అల్లుడు ఆ గడప తొక్కలేదు. తొక్కితే ఇద్దరూ ఏడవడం తప్ప ఇంకేముందని.

"మీరిక్కడేంటి అత్తయ్యా... ఇంత చీకట్లో?"

"ఒకసారి అది కూర్చునే చోటు చూసిపోదామని వచ్చాను, బాబూ. ఆసుపత్రి నుంచి మావాడు తెచ్చిన సంచీలో దాని శాలువా ఉంటే కప్పుకున్నా. ఆ తర్వాత మందుల షాపులో ఎవరో అనుకుంటుంటే విన్నాను... అది ఇక్కడికి వస్తోందట! సినిమా వేసినప్పుడల్లా ఈ బెంచీ మీదే కూర్చుంటోందట! అప్పట్నుంచి ప్రతి వారం వస్తున్నా. ఇంట్లో వాకింగని చెబుతున్నా."

ఆవిడ గొంతు గుసగుసలోకి దిగింది.

"ఊరందరికీ కనిపించిందట. కన్నతల్లికి మాత్రం కనిపించదేం, బాబూ? ఆఖరి ఘడియలో పక్కన లేనని కోపమా దానికి?"

ఊరంతా చూసిన దెయ్యం ఎవరో ఆపరేటరుకు తెలిసిపోయింది. పాపం, ఆవిడకే తెలియలేదు. అతని ఆశ ఎలాగూ ఆ బెంచీ ముందే చచ్చిపోయింది. ఆవిడది కూడా చంపడమెందుకు?

తెర అవతల జనం గొల్లున నవ్వారు.

"కోపం కాదత్తయ్యా" అన్నాడు. "చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట. తను... సరిగ్గా మీరు కూర్చున్న చోటే కూర్చుంటుందట."

"అయ్యో, నా మతి మండా! దాని చోట్లో నేనే కూర్చుంటే అదెక్కడ కూర్చుంటుంది?"

ముసలావిడ గబగబా లేచి బెంచీ ఆ చివరకు జరిగింది. అతను ఈ చివర కూర్చున్నాడు. మధ్యలో ఒక మనిషికి సరిపడా చోటు వదిలి, సినిమా అయిపోయేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.