చెప్పొద్దన్న రిపోర్టు

"సాయంత్రం నాలుగింటికి ఆ వ్యాన్ భద్రాచలం బ్రిడ్జి దాటితే కేసు పోయినట్టే," అన్నాడు చీఫ్ ఉదయ్ భాస్కర్.

ఖానాపురం హవేలిలో కిరాయికి తీసుకున్న ఇంట్లో ఏజెంట్ కవిత ఒక్కతే వింటోంది.

"ఉచిత క్యాన్సర్ క్యాంపు పేరుతో ఓ విదేశీ ముఠా అడవి పల్లెల్లో రక్తం తీస్తోంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు క్యాన్సర్‌తో పోయిన కుటుంబాలే టార్గెట్. శాంపిళ్లు, వంశాల డేటా ఆ వ్యాన్‌లోనే దేశం దాటుతున్నాయి. నీ కవర్ స్టోరీ..."

"తల్లి, అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయిన ఆడమనిషి. కథ అల్లే పని లేదు సార్."

ఆయన తల దించుకున్నాడు. కవిత అక్క కమ్లి పోయి నాలుగు నెలలే.

భద్రాచలం అవతల, అడవి అంచున క్యాంపు. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో భవాని ఎదురొచ్చింది. ముఠాకు జెనెటిక్ కౌన్సెలర్, అంటే వంశపారంపర్య జబ్బుల సలహాదారు. మనకు డబుల్ ఏజెంట్.

"గోదారి ఎక్కిందా?" కవిత కోడ్ పలికింది.

"కరకట్ట దాటలే." భవాని నవ్వి, కంప్యూటర్ ఇటు తిప్పింది.

కవిత జడ క్లిప్పులోని పెన్‌డ్రైవ్ గుచ్చింది. పేర్లు పరుగెత్తుతున్నాయి. ఒక పేరు దగ్గర ఆమె వేలు ఆగింది.

కమ్లి. రెండేళ్ల కిందటి రిపోర్టు. బీఆర్‌సీఏ-1 జన్యువులో లోపం, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచేది. తల్లి నుంచి వచ్చింది. ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. కింద ఎర్రక్షరాలతో: 'చెప్పొద్దు.'

"మా అక్కకు అంతా నార్మల్ అని కాగితం ఇచ్చిన్రు గదా!"

"లోపం ఉంటే జబ్బు వచ్చి తీరుతదని కాదు," భవాని గొంతు తగ్గించింది. "ముందే తెలిస్తే ఏటా స్కానింగ్ చేయించుకునేది. మొదట్లనే దొరికేదేమో. కానీ చెప్తే మనుషులు జాగ్రత్త పడతరు, జబ్బు ఎట్ల ముదురుతదో చూసే వీళ్ల స్టడీ పాడైతది."

"నీకు తెలుసా?"

"తెలుసు. నోరిప్పితే నా గుట్టు బయటపడేది."

కవిత చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. అదే క్షణంలో బయట వ్యాన్ స్టార్టయింది. పళ్లు బిగించి, పెన్‌డ్రైవ్ లాక్కుని బైకు వైపు పరుగెత్తింది.

మూడు యాభై తొమ్మిది. అడ్డదారిన వ్యాన్ కంటే ముందే చేరి, బ్రిడ్జి మొదట్లో బైకు అడ్డంగా పడేసి, కవిత టైరుకు గురిపెట్టి కాల్చింది. వ్యాన్ రెయిలింగును రాసుకుంటూ ఆగింది. వెనకాల ఐసుపెట్టెలో మూడు వందల పన్నెండు ట్యూబులు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. అప్పుడు ఏడ్చింది, నడిరోడ్డు మీద కూలబడి.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఏం కావాలో అడుగు."

"భవాని కూడా ముద్దాయే సార్. ఈ పేర్లున్నోళ్లందరికీ నిజం చెప్పించాలె. నాకు రెండు రోజులు లీవ్ కావాలె. ఒకటి నా రక్తపరీక్షకు."

"రెండోది?"

"అక్క బిడ్డ లిఖితకు పంతొమ్మిదేళ్లు. దానికి చెప్పాలె." ఐసుపెట్టె మూత మూసింది. "ఆరు భాషల్ల అబద్ధమాడ నేర్పిన్రు సార్. గీ ఒక్క నిజం ఎట్ల చెప్పాల్నో ఏ ట్రైనింగుల నేర్పలే."